వక్క పెట్టుకునే పక్క

మా ల్యాబ్ సారు పోయారని ఆయన అక్క కొడుకు ఆదివారం పొద్దున కడప నుంచి సెల్‌కు ఫోన్ చేసి చెప్పాడు. నోటి క్యాన్సర్. కర్నూల్లో పదకొండేళ్లు ఆయన ఎదురు బల్ల మీద పనిచేసినదాన్ని. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలాగే నిలబడిపోయాను.

నోట్లో పుండుతో వచ్చినవాళ్ల నుంచి చిన్న ముక్క తీసి పంపితే, అది ఏ రకం క్యాన్సరో మైక్రోస్కోపులో చూసి చెప్పడం మా పని. దేశం మొత్తం క్యాన్సర్ల లెక్క తీసేవాళ్లకు ఆ వివరాలు పంపి, రాసిన ఫారాలు ల్యాబ్‌లోనే దాచేవాళ్లం. వాళ్లు అడిగేది రెండే: ఎక్కడ వచ్చింది, ఏ రకం. సారుకు అది చాలేది కాదు. ప్రతి ఫారం వెనక పెన్సిలుతో నోరు బొమ్మ గీసి, పుండు ఉన్నచోట చుక్క, వక్కాకు పెట్టుకునేచోట ఇంటూ గుర్తు వేసేవారు. మన దిక్కు చెంపలకే ఎందుకు ఎక్కువ వస్తోందో ఆ గుర్తులే చెబుతాయని ఆయన నమ్మకం. కంప్యూటర్ వచ్చాక కూడా ఆ బొమ్మ మానలేదు.

కోడుమూరు నుంచి మా ఆసుపత్రికి వచ్చిన ఒక అవ్వ ముందు సారు స్టూలు వేసుకుని కూర్చున్నారొకసారి.

"యా పక్క పెట్టుకుంటావవ్వా?"

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఈ పక్కనే నాయనా. నిద్రలో గూడా ఆడనే ఉంటాది."

నేను ఇంటూ లేకుండా ఫారం ఇస్తే మాత్రం కసురుకునేవారు. "సిగ్గుపడి అడక్కపోతే ఎట్లమ్మా? మనిషి పోయినాంక ఎవురిని అడుగుతావు?" ఈ పని నాకు వచ్చిందంటే ఆ కసురుళ్ల పుణ్యమే.

ఇంత చెప్పే మనిషికీ వక్క అలవాటుండేది. మా ముందు ఎప్పుడూ వేసుకోలేదు. పెళ్లి చేసుకోలేదు, అన్నం కూడా ఒక్కరే తినేవారు. తిని, డబ్బా కడుక్కుని, వక్క వేసుకోవడానికి వెనక వరండాలో గోడ వైపు తిరిగి నిలబడేవారు. మాతో కలిసి తినమని పిలుద్దామని ఎన్నోసార్లు అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడది మనసును పీకుతోంది.

పోయినేడు ఆయన ముక్కే మా బల్ల మీదికి వచ్చింది. ఎడమ చెంప. స్లైడు ఆయనే చూసి, "అందరికీ వచ్చే స్క్వామస్ రకమేలేమ్మా, రాయి," అన్నారు. రాశాను. వెనక బొమ్మ గీసి చుక్క పెట్టాను. వక్క ఏ పక్క పెట్టుకుంటారని అడగడానికి మాత్రం నోరు రాలేదు. గురువును ఎలా అడగడం? ఇంటూ లేని ఆ ఫారాన్ని ఆయన చాలాసేపు చూశారు. ఆయన కసురుకోకపోవడం అదే మొదటిసారి.

ఆదివారం ఫోన్లోనే ఆ అక్క కొడుకును, సారు వక్క ఏ పక్క పెట్టుకునేవారని అడిగాను.

"ఎవురు చూసినారు మేడమ్? మామ ఒక్కడే కదా ఉండింది," అన్నాడు.

ఈరోజు ఆ ఫారం బయటికి తీశాను. పెన్సిలు పట్టుకుని ఎంత గుర్తు చేసుకున్నా, నాకు కనిపించేది వరండాలో గోడ వైపు తిరిగిన ఆయన వీపే.