వీధి తొక్కని చెప్పులు

నా చిన్నప్పుడు మా దుకాణం గుమ్మం దాటి చెప్పులు లోపలికి వచ్చేవి కావు. గజపతినగరం బజారులో మాది పాత కిరాణా దుకాణం. గల్లాపెట్టె ఉన్న చోటే లక్ష్మీదేవి ఉన్న చోటని మా తాతయ్య నమ్మకం. పొద్దున్నే అగరుబత్తి వెలిగించి గల్లాపెట్టెకు దండం పెట్టుకున్నాకే ఎవరినైనా తూకం ముట్టనిచ్చేవాడు. బస్తాలు దించే కూలీలైనా, మా నాన్నైనా, పండగకొచ్చిన అల్లుడైనా చెప్పులు మెట్ల దగ్గర విడవాల్సిందే. ఒకసారి తనిఖీకొచ్చిన ఆఫీసరు బూట్లతో లోపలికి రాబోతే, బయటే కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, కాగితాలన్నీ అక్కడికే పంపించాడు. ఆ సంగతి నేను బడిలో ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నానో లెక్కలేదు.

మా పెదనాన్న పోయాక తూకం పని మా పెద్దమ్మ చేతికి వచ్చింది. నాన్న పల్లెలు తిరిగి మినుములూ నువ్వులూ కొనుక్కొచ్చేవాడు. అమ్మకు ఇంటిపనే తెమిలేది కాదు. తాతయ్య గల్లా దగ్గర కూర్చునేవాడు. ఇక మిగిలిన దుకాణమంతా పెద్దమ్మే. తలుపులు తీసిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేవేళ దాకా నల్లబండల మీద ఉత్తికాళ్లతో నిలబడేది. మనిషి మాటకారి. కందిపప్పు కోసం వచ్చినవాళ్లు ఆమెతో రెండు మాటలాడి, నవ్వుకుంటూ, కందిపప్పుతో పాటు ఇంకో నాలుగు సరుకులు పట్టుకుపోయేవాళ్లు.

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది ఆమెకు మడమ నొప్పి మొదలైంది. నేనప్పుడు నాలుగో తరగతి. పొద్దున మంచం దిగి మొదటి నాలుగడుగులు గోడ పట్టుకుని వేసేది. మేకుల మీద నడిచినట్టుందని అమ్మతో చెప్పడం నేను విన్నాను. ఉప్పు వేసిన వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకుంది. కాల్చిన ఇటుక మీద జిల్లేడాకులు పరిచి మడమ ఆనించింది. ఏదీ పనిచేయలేదు. చివరికి నాన్న విజయనగరంలో ఎముకల డాక్టరుకు చూపించాడు. ఆయన ఎక్స్‌రే తీయించి, గట్టి నేల మీద ఉత్తికాళ్లతో నిలబడటమే ఈ జబ్బుకు మూలమని, ఇంట్లోనైనా సరే మెత్తటి చెప్పులు లేకుండా అడుగు వేయొద్దని గట్టిగా చెప్పాడట.

మెత్తటి చెప్పులు దొరకడం అంత తేలిక కాలేదు. మొదట కొన్న జత చేత్తో నొక్కితే దూదిలా ఉండేది, నెల తిరక్కుండానే అప్పడమైపోయింది. రెండో జత వేళ్ల దగ్గర ఒరుసుకుని పుండు చేసింది. ఆఖరికి ఆసుపత్రి పక్క మందుల షాపులో మందపాటి గోధుమరంగు జత దొరికింది. చూడ్డానికి మొరటుగా ఉన్నాయి గానీ, అవి వేసుకుని నాలుగడుగులు నడిచినప్పుడు ఆమె మొహం నాకింకా గుర్తుంది. బరువు దించుకున్న మనిషి మొహం అది.

కానీ వాటితో దుకాణంలోకి ఎలా వస్తుంది? మొదట్లో మెట్ల దగ్గరే విడిచి వచ్చేది. గోనెసంచి మడతపెట్టి కాళ్ల కింద వేసుకుంది. అటు బెల్లం దగ్గరికీ ఇటు నూనె డబ్బాల దగ్గరికీ తిరిగే మనిషికి ఒక్కచోట ఉండే గోనెసంచి ఏం ఆసరా? అప్పుడామె ఒక పని చేసింది. అలాంటిదే ఇంకో జత తెప్పించి, వీధిలో కాలు పెట్టకుండానే పసుపునీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఉప్పుబస్తా వెనక దాచుకుంది. లోపలికి రాగానే వేసుకునేది, బయటికి వెళ్లేటప్పుడు విడిచేది. చీర కుచ్చెళ్లు నేలకు జారేలా కట్టుకునేది. బల్లకు అవతల నిలబడినవాళ్లకు ఏమీ కనిపించేది కాదు. తాతయ్య చూపు ఎలాగూ ఆనదు. ఆయనకు ఆ మధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక కూడా మసగ్గానే ఉందనేవాడు. రోజూ ఆయన కళ్లలో చుక్కల మందు వేసే పని నాది.

నేను ఆ చెప్పులు చూసేశానని తెలిసి పెద్దమ్మ నన్ను దగ్గరకు లాక్కుంది. "ఇవి వీధి తొక్కలేదమ్మా. పసుపునీళ్లతో కడిగినాను. తాతయ్యకి మాత్రం సెప్పకే, మా తల్లి కదూ" అంది. నేను బుద్ధిగా తలూపాను. పెద్దవాళ్ల రహస్యం ఒకటి నా దగ్గరుందని పొంగిపోయాను కూడా.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక సంత రోజు. దుకాణం ముందు జనం తోసుకుంటున్నారు. నేను బడి నుంచి వస్తూ నా స్నేహితురాలిని వెంటబెట్టుకొచ్చాను. మా దుకాణమే కదా అన్న ధీమాతో వేరుశనగ ఉండల సీసాలో చెయ్యి పెట్టాను. పెద్దమ్మ పొద్దుట్నుంచీ కూర్చున్నదే లేదు. "ఒలే గుంటా! అడక్కుండా సెయ్యెట్టడం ఎక్కడ నేర్సినావే? దొంగబుద్ధి!" అని గట్టిగా కేకేసింది. నా స్నేహితురాలు కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వుతో నాకు ఒళ్లు మండిపోయింది. అవమానానికి అవమానం చెయ్యాలి, అంతే. అంతకుమించి నా బుర్రలో ఏమీ లేదు. "నువ్వు మాత్రం దుకాణంలో సెప్పులేసుకోవచ్చేటి? తాతయ్యకి కనపడదనే కదా!" అని అరిచాను.

పంచదారకొచ్చిన ఎదురు దుకాణం ఆయన బల్ల మీంచి తొంగిచూసి, "ఏటి మావా ఇది, గల్లాపెట్టి కాడ సెప్పులా?" అన్నాడు. తాతయ్య ఒళ్లో పెట్టుకున్న చేతులకేసి చూసుకుంటూ, "తీసీయమ్మా" అన్నాడు. గొంతు వినపడీ వినపడనట్టుంది.

పెద్దమ్మ వంగి చెప్పులు చేతిలోకి తీసుకుంది. అంతమంది చూస్తుండగా గుమ్మం దాకా నడిచి, వాటిని మెట్ల మీద, అందరి చెప్పుల మధ్య పెట్టి, తిరిగొచ్చింది. బండ మీద ఉత్తికాలు ఆనగానే పెదవి కొరుక్కుంది. తర్వాత తూకంలో పప్పు పోసి, "ఇంకేటి కావాలమ్మా?" అని ఎదురుగా ఉన్నామెను అడిగింది. ఆ రోజు సంత ముగిసేదాకా అలాగే నిలబడింది. నన్ను ఒక్క మాట అనలేదు. రోజూలాగే పెరుగన్నం కలిపి పెట్టింది. రెండు దెబ్బలు వేసి ఉంటే నాకు ఎంత బాగుండేదో.

మర్నాడు పొద్దున చుక్కల మందు వేయబోతుంటే తాతయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాకు కనపడదనుకున్నావేటే? కట్టు ఇప్పిన వారానికే ఎదురు దుకాణం బోర్డు సదివీసినాను. దాని కాళ్లకి సెప్పులుండటం మొదట్రోజే సూసినాను."

"మరి మసగ్గా ఉన్నాదని ఎందుకన్నావు?" అన్నాను.

"మరేటనాల? సూసినానంటే తియ్యమనాల. తీస్తే అది నిలబడలేదు. కనపడనోడికి ఆ తగువు లేదు కదా. నువ్వు నలుగుర్లో అనీసినావు. నన్ను సూసీవోణ్ణి సేసీసినావు."

ఆయన తిట్టలేదు. అలిసిపోయినవాడిలా చెప్పాడంతే. నాకు ఏడుపొచ్చింది. నేనేడిస్తే దగ్గరకు తీసుకునే మనిషి, ఆ రోజు తీసుకోలేదు. తనకు వచ్చిన చూపును ఆయన మూడు నెలలుగా కోడలి కోసం లేదనిపించుకున్నాడు. దుకాణం మర్యాదా నిలబడింది, ఆమె కాళ్లూ నిలబడ్డాయి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఆ ముసలాయన ఒంటిచేత్తో మోసుకొచ్చినదాన్ని నేను ఒక్క వేరుశనగ ఉండ కోసం బద్దలుకొట్టాను.

దాన్ని అతికించడానికి ఆయన చాలా ప్రయత్నించాడు. ఎత్తు స్టూలు చేయించాడు. కూర్చుని తూకం వెయ్యడం ఆమెకు కుదరలేదు. ఒకరోజు మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఆయన లేచి, మెట్ల దగ్గరికి వెళ్లి, ఆమె చెప్పులు రెండూ తన చేత్తో తీసుకుని గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఆఫీసరు బూట్లను రానివ్వని మనిషి. వాటిని బల్ల వెనక ఆమె కాళ్ల దగ్గర పెట్టి, "యేసుకో అమ్మా" అన్నాడు.

పెద్దమ్మ బిత్తరపోయింది. గబుక్కున వంగి ఆ చెప్పుల్ని పక్కకు తీసింది. "వద్దు మావయ్యా. మీరు పట్టుకొచ్చినారు, నాకదే సాలు. ఇకన వచ్చినోలంతా నా కాళ్లకేసే సూస్తారు. మన దుకాణం మాట పడకూడదు" అంది. ఆయన వెనక్కి వెళ్లి గల్లా దగ్గర కూర్చున్నాడు.

నొప్పి ఉన్న కాలు ఆనించకుండా రెండో కాలి మీద బరువు వేసి నిలబడటం అలవాటు చేసుకుంది. రెండేళ్లకు ఆ మోకాలు పాడైంది. మడమలోకి సూదిమందు పొడిపించుకున్న రోజుల్లో కూడా దుకాణానికి వచ్చేది. నేను పదో తరగతికి వచ్చేసరికి ఆమె గోడ పట్టుకోకుండా నడవలేని స్థితికి వచ్చింది. దుకాణంలో ఆమె నవ్వూ లేదు, ఆ నవ్వు కోసం వచ్చేవాళ్లూ తగ్గారు. తాతయ్య ఆ ఏడాదే పోయాడు.

ఆయన పోయిన నెల తర్వాత నేను ధైర్యం చేసి, ఇక అడిగేవాళ్లెవరూ లేరు, ఇప్పుడైనా చెప్పులు వేసుకుని దుకాణంలోకి రమ్మన్నాను. ఆమె నాకేసి చూసి మెల్లగా అంది. "ఆయనకి కనపడతాదని నాకూ తెల్సమ్మా. సూసి కూడా సూడనట్టున్నాడని తెలిసే యేసుకునీదాన్ని. ఇప్పుడలాగ ఊరుకునీవోలు ఎవులున్నారు?"

అప్పటిదాకా నేను ఒక్క తాతయ్యకే అన్యాయం చేశాననుకునేదాన్ని. ఆ ఇద్దరూ ఒకరి మనసు ఒకరికి తెలిసి, తెలియనట్టు మసులుకుంటూ, ఒకరినొకరు కాచుకున్నారని ఆ రోజు తెలిసింది. పెదనాన్న పోయాక ఆ ఇంట్లో ఆమెకు దొరికిన ఆసరా బహుశా అదొక్కటే.

ఏళ్లు గడిచాయి. ఇళ్లల్లో, హాస్టల్లో, కొత్తగా చేరిన ఉద్యోగంలో, నాకు చాలామంది సంగతులు కంటపడ్డాయి. కళ్లకు కనిపించిందల్లా చెప్పేస్తే నిజాయితీ అనుకునేవాళ్లను చూస్తే నాకు భయం. నేను చెప్పింది అబద్ధం కాదు. అందుకే దాన్ని వెనక్కు తీసుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఇప్పుడు నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని, ఇది ఎవరి కాలి మీద పడుతుందోనని ఒక్క క్షణం చూసుకుంటాను.

పెద్దమ్మ ఇప్పుడు మంచం మీదే ఎక్కువగా ఉంటుంది. ఊరెళ్లినప్పుడల్లా ఆమె పాదాలకు నూనె రాస్తాను. మడమలు పిల్లల మడమల్లా మెత్తబడిపోయాయి, నేలకు ఆని ఎన్నాళ్లయిందో. ప్రతిసారీ క్షమించమని అడుగుదామనుకుంటాను. ఇంతవరకు అడగలేదు. అడిగితే, ఏ రోజే, ఏ మాటే, నాకేటీ గుర్తు లేదే అంటుందని నాకు తెలుసు.