ఇరవై తొమ్మిది పాయింటు రెండు నాలుగు ఆరు కిలోల మటన్

హుస్నాబాద్‌లో మా కొత్తిల్లు ఎట్లా ఉందని ఎవరినైనా అడగండి. గదులెన్నో చెప్పరు, రంగేమిటో చెప్పరు. గృహప్రవేశం దావత్‌లో మటన్ ఏ బంతికి అయిపోయిందో మాత్రం నిన్న జరిగినట్టు చెబుతారు. ఆ ఘనకార్యం నాదే. అదీ ఆషామాషీగా కాదు, దశాంశాలతో సహా చేశాను.

అప్పుడు నేను కరీంనగర్‌లో బీఎస్సీ రెండో సంవత్సరం. మెడలో కాలిక్యులేటర్ వేలాడదీసుకోలేదు గానీ, మనసులో వేలాడుతూనే ఉండేది. మస్కట్‌లో పనిచేసే మా అన్న పైసా పైసా పంపితే లేచిన ఇల్లు అది. అన్న సెలవు పెట్టి వచ్చిందే ఆ పండుగ కోసం. పూజ అయిన మర్నాడు దావత్ అనుకున్నారు.

"నలభై కిలోల మటన్ తెద్దాం," అన్నాడు బాపు.

"నలభై ఎట్లొచ్చింది బాపు?"

"ఎట్లొచ్చుడేంది? అందరు తెస్తరు, మనం తెస్తం."

ఇదేం శాస్త్రం అనిపించింది నాకు. బంగారం కొట్టు ఉన్న దోస్తు దగ్గర త్రాసు అడిగి తెచ్చాను. గ్రాములో నూరో వంతు కూడా చూపించే త్రాసు. రెండు వాటాల పచ్చి మాంసం ముందే తూచి, విడివిడిగా వండించి, ఇద్దరి మీద ప్రయోగం చేశాను. ఒకరు అగరుబత్తిలా ఉండే నేను. రెండోవారు పళ్ళు లేని మా బాపమ్మ. ఇద్దరం తిన్నదాని సగటు నూట నలభై ఆరు పాయింటు రెండు మూడు గ్రాములు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. నిజమే, ఆ మెతుకు మా బాపమ్మ కానంత వరకు.

"ఎంత మంది అస్తరు బాపు?"

"ఓ రెండు వందలనుకో."

"రెండు వందలేనా?"

"అబ్బ, జర అటో ఇటో. నా పానం తియ్యకు."

అటో ఇటో అన్న మాటను బాపు నోట్లోనే వదిలేసి, రెండు వందలను మాత్రం కాలిక్యులేటర్‌లో వేశాను. ఇరవై తొమ్మిది కిలోల రెండు వందల నలభై ఆరు గ్రాములు. నలభై అంటే ఎవరైనా బేరమాడతారు గానీ, ఇరవై తొమ్మిది పాయింటు రెండు నాలుగు ఆరుతో ఎవరు వాదిస్తారు?

వంట చేసే ఖాజా భాయ్ సైతం గరిటె కింద పెట్టి నన్ను చూశాడు. "ఎన్ని దావత్‌లు జేసిననో బేటా, పాయింటు వెట్టి చెప్పినోన్ని సూడలే. గింత బారీక్ లెక్కుంటే ఫికర్ ఎందుకు?"

మాంసం దుకాణంలో చిటికెడు ముక్క ఎక్కువైతే తీయించాను కూడా. దుకాణదారు ఆ ముక్కనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

దావత్ నాడు మొదటి బంతి నిండుగా సాగింది. రెండో బంతిలో అన్న మస్కట్ దోస్తులు దిగారు. బంధువులు కాదు కాబట్టి వాళ్లు మొహమాటపడతారని అనుకున్నాను. గిన్నెలకు ఆ సంగతి తెలియలేదు, ఖాళీ అవుతూ పోయాయి. మూడో బంతికి ఖాజా భాయ్ గరిటె డేగిషా అడుగున గంటలా మోగింది. గేటు బయట ఇంకా జనం నిలబడి ఉన్నారు. మూడో బంతిలో మా మేనమామ మల్లయ్య విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు, బట్టలు పెట్టడానికి వచ్చిన పెద్దమనిషి. ఆయన ముందు బగారన్నం ఉంది. పైన ఏమీ లేదు.

"ఏం బావా, మేం ఆఖరుకు శాకాహారులమైనమా?" అన్నాడు బాపుతో. బాపు నన్ను చూశాడు. అన్న నన్ను చూశాడు. బాపమ్మ కూడా చూసింది, ప్రయోగంలో ఆమెకూ భాగముందని మరచిపోయి.

మామ పక్క విస్తరిలో మా ఫిజిక్స్ సరళ మేడం ఉన్నారు. నేనే పిలిచాను, కర్మ.

"లెక్క నీదేనట గద. రెండు వందలు ఎంచి చెప్పిన్రా, అందాజగా చెప్పిన్రా?"

"అందాజగా, మేడం."

"అయితే దాంట్ల నమ్మదగ్గ అంకెలెన్ని?"

"రెండు ఒక్కటే, మేడం."

"నమ్మదగ్గ అంకెల్నే సార్థక అంకెలంటరని క్లాసుల చెప్పిన్నా లేదా? ఒక్క అంకె ఉన్న లెక్క మీద అయిదంకెల జవాబెట్ల నిలబెట్టినవ్? నీ త్రాసు ఎంత మంచిదైనా, లెక్కల అన్నిటికన్న అందాజగ ఉన్నది ఏదో, జవాబు గంతకు మించి పక్కాగ ఉండది."

బుర్ర వంచుకున్నాను. జ్ఞానం నాకు అక్కడే, ఉత్త బగారన్నం వాసన మధ్య కలిగింది.

"కోడిగుడ్లు పట్కరా, పులుసు జేస్త, ఉరుకు," అన్నాడు ఖాజా భాయ్.

ఈసారి అందాజ మాటే లేదు. కూర్చున్నవాళ్లనూ గేటు బయటివాళ్లనూ వేలు చూపి మరీ ఎంచాను. నూట నలభై మూడు. బండి మీద దుకాణానికి పోతూ మేడం మాట తలచుకున్నాను. ఒక్క సార్థక అంకె. నూట నలభై మూడును ఒక్క అంకెకు కుదిస్తే వంద. వంద గుడ్లు కట్టించుకుని, చదువుకున్న గర్వంతో తిరిగొచ్చాను.

బయటివాళ్లనూ కూర్చోబెట్టి గేటు దిక్కు నుంచి వడ్డిస్తే, గుడ్లు మామ వరుస వరకు రాలేదు.

మేడం తల పట్టుకున్నారు. "ఒక్కొక్కల్ని ఎంచినవ్ గద. ఎంచిన లెక్క పక్కా లెక్క. దాన్నెందుకు కుదించినవ్?"

మల్లయ్య మామ చెయ్యి కడుక్కుని, నా భుజం మీద తడి చెయ్యి వేశాడు. "అల్లుడా, ముక్క పాయింటు లెక్కల పోయింది. మరి గుడ్డు దేంట్ల పోయింది?"

"రౌండ్ చేసుట్ల, మామా."

ఆ రోజే ఖాళీ డేగిషాను సాక్షిగా నిలబెట్టి, ఒట్టేశాను. ఈ జన్మలో ఎవరింటి దావత్‌కూ నా నోట అంకె పలకను. ఎంత మంది వస్తారని అడిగితే 'చానా మంది' అంటాను. ఆ చానాలో సార్థక అంకెలు ఎన్నో వచ్చే చుట్టాలే తేల్చుకుంటారు.