బేరాల్లేని ఊళ్లో బేరం పాఠం

నిన్న మా ఊరి పూర్ణా మార్కెట్లో వంజరం చేప దగ్గర నేను గొంతు పెంచేసరికి చేపలమ్మే ఆవిడ నవ్వి, "ఏటి టీచరమ్మా, సదువుకున్నోళ్లు కూడా ఇలా బేరమాడతారేటి?" అంది. ఎందుకాడరూ? ఒకప్పుడు సీషెల్స్ దీవుల్లో ఈ బేరం కోసమే ఉద్యోగం మీదికి తెచ్చుకున్నదాన్ని నేను.

ఇక్కడి మల్కాపురం నుంచి వెళ్లి అక్కడి బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. పిడికెడు దేశం, భాషలకి మాత్రం కొదవ లేదు. పిల్లలకి ఇంట్లో క్రియోల్, చర్చిలో ఫ్రెంచి, పుస్తకాల్లో ఇంగ్లీషు. ఇంగ్లీషులో ఏదైనా అడిగితే తల దించుకునేవాళ్లు, తప్పొస్తే పక్కవాళ్లు నవ్వుతారని. వెనక బెంచీలో ఒక పిల్లయితే నేను వెళ్లిన దగ్గర్నుంచీ నోరే విప్పలేదు. బేరమాడేటప్పుడు వ్యాకరణం ఎవరికి గుర్తుంటుంది? అందుకని బల్ల మీద టమాటాలు పోసి నేను అమ్మాను, వాళ్లు కొన్నారు. వారం తిరిగేసరికి ఆ గది అచ్చం పూర్ణా మార్కెట్ అయిపోయింది.

అక్కడి బజార్లో చెప్పిందే ధర, బేరమాడితే అమర్యాద. వెళ్లిన కొత్త, నాకా సంగతి తెలియదు. నా శిష్యులు వెళ్లి చేపలవాళ్లతో ఇంగ్లీషులో తగువు పెట్టుకున్నారు. ఫిర్యాదులు రాగానే, ఇకమీదట పుస్తకంలోంచే చెప్పాలని హెడ్మాస్టరు హెచ్చరించాడు. ఫోన్లో మా ఆయన, "మన ఊరా ఏటి? ఆయన సెప్పినట్టు సేసీయే," అన్నారు. "నాను సెయ్యనండీ. పిల్లలు ఇప్పుడిప్పుడే మాటాడతన్నారు," అన్నాను.

మర్నాడు మళ్లీ టమాటాలు పోశాను. హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి, శుక్రవారంతో నా ఉద్యోగం ఆఖరన్నాడు. అప్పుడు లేచింది ఆ వెనక బెంచీ పిల్ల.

"నో సర్. వన్ ఇయర్."

"ఫ్రైడే," అన్నాడాయన.

"సిక్స్ మంత్స్, సర్. గుడ్ టీచర్. వెరీ ఫ్రెష్."

"వన్ మంత్," అనేసి నాలిక్కరుచుకున్నాడు. బేరాలొద్దన్న మనిషే బేరంలోకి దిగిపోయాడు! పిల్లల కేకలకి పక్క క్లాసులు కూడా ఆగిపోయాయి. చివరికి మూడు నెలలకి కుదిరింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ మూడు నెలలూ పుస్తకం ముట్టకుండా టమాటాలతోనే చెప్పి, తల ఎత్తుకుని తిరిగొచ్చాను.

తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. నిన్న వంజరం కూడా నేనన్న ధరకే తెచ్చుకున్నాను. కాలం మోకాళ్లు అడిగింది, ఇచ్చాను. కళ్లు అడిగింది, సగానికి ఒప్పించాను. నోరు మాత్రం ఇవ్వను.