ఆబూ కొండ మీద అప్పగింతల పాట

నా పెదవి వాయకపోతే నేను ఆబూ కొండ మొకం చూసేటోన్ని గాదు. మాది హైద్రాబాద్‌ల మాదన్నపేట. బ్యాండు పార్టీల క్లారినెట్ వాయిస్త. ఆ ఏడు బేగంబజార్ గిన్నెల సేటు తన బిడ్డ పెండ్లి అహ్మదాబాద్‌ల పెట్టుకొని, మా పార్టీ మొత్తాన్ని రైలెక్కించి తోల్కపోయిండు. అక్కడ ఆయన చుట్టాలు ఒకల ఎన్క ఒకలు మమ్ముల పట్టుకున్నరు. బరాత్‌లు వాయించి వాయించి నా కింది పెదవి వాచి పుండైంది. "యాదగిరీ, గది మానేదాక క్లారినెట్ మూతికి ఆనియ్యకు" అన్నడు మా మాస్టర్ రాములన్న. సేటు ఆబూల తమోళ్ల ధర్మశాలకు కబురు పంపి, "ఝీల్ ఉంది, చల్లగుంటది, పోయి ఆరాం చెయ్" అన్నడు.

పొద్దుగాల ఏడింటికి చిన్న లైన్ బండెక్కిన. బొగ్గింజను. కిటికీ పక్కన కూసుంటే కండ్లల్ల నుసి పడ్తది, పోయేటోళ్లు నడుమ కూసోండ్రి. ఎదురుంగ పాగ చుట్టుకున్న ముసలాయన నా నల్ల డబ్బా చూసి "బందూక్ హై క్యా?" అన్నడు. "నై దాదా, బాజా" అన్న. పకపక నవ్వి సజ్జరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టిండు. పెదవి భగ్గుమన్నది, అయినా తిన్న.

మధ్యాన్నం కొండ కింది ఆబూ రోడ్‌ల దిగిన. టేషన్‌ల మట్టి ముంతలల్ల రబ్డీ అమ్ముతరు, ఇడువద్దు. బయటనే కొండకు పోయే బస్సు. గంటసేపు ఘాటు రోడ్డు, మలుపు మలుపుకు ఎవలో ఒకలు కక్కుడే. జేబుల నిమ్మకాయ పెట్టుకొని పోండ్రి.

ధర్మశాల నక్కీ చెరువుకు దగ్గర్నే, సేటు చెప్పిన ఝీల్ గదే. చుట్టూ కొండలు, నడుమ నీళ్లు, నీళ్లల్ల పడవలు. పొద్దుమీకి కిచిడీ, మజ్జిగ పులుసు తీరు కడీ పెడ్తరు. తినుడు, పండుకునుడు, చెరువు చుట్టు తిరుగుడు, గంతే నా పని. చెవులల్ల డోలు లొల్లి ఆగింది. పెదవి మానుతున్నది. ఏ ఫికర్ లేకుంట గట్ల ఎన్నేండ్లకు ఉన్ననో.

పక్క గదిల ఒక కొత్త జంట ఉండె. పిల్లగాని పేరు మోహన్, పిల్ల సుధ. జైపూర్ దిక్కోళ్లు, హిందీల మాట్లాడేటోళ్లు. తినేకాడ "భాయ్‌సాబ్" అనుకుంట నాకు గూడ జాగ జరిగేటోళ్లు. ఒకనాడు సుధ రెండు చేతులతోని పళ్లెం అందిచ్చింది. ఎడమ అరచేతిల గోరింటాకు ఎర్రగ పండింది, కుడి చేతికి లేదు. చూసిన గని పట్టించుకోలే.

ఆ సాయంత్రమే, పెదవి ఎట్లున్నదో చూద్దామని వరండల డబ్బా తెరిచిన. "మా కోసం ఏదన్న వాయించుండ్రి" అన్నడు మోహన్.

ఇక్కడ నా గొప్ప జర చెప్పాలె. మా దిక్కు అప్పగింతలప్పుడు పిల్ల చేతులు పాలల్ల ముంచి అత్తగారోళ్ల చేతుల పెడ్తరు. డోళ్లన్నీ ఆపి క్లారినెట్ ఒక్కటే వాయించాలె. పిల్ల ఏడ్వకుంటే ఆడోళ్లు గుసగుస పెడ్తరు, రాములన్న నాకు కన్ను కొడ్తడు. నేను అందుకున్ననంటే పిల్లనే గాదు, పిల్ల తండ్రి గూడ కండువల మొకం పెట్టుకుంటడు. మొఘల్‌పురా నుంచి బేగంబజార్ దాక నాకు గదే పేరు. కొత్త పెండ్లికూతురు ముంగట కూసుంటే ఊకుంటనా? "మా దిక్కు పిల్లను అత్తగారింటికి తోలేటప్పుడు వాయించే పాట" అని చెప్పి గా పాటనే ఎత్తుకున్న.

సుధ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నాకు మస్తు ఖుషీ అయింది. మన పాట తెల్వని పిల్లను గూడ ఏడిపిచ్చిన అనుకున్న. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది. మోహన్ చెయ్యెత్తిండు. శభాష్ అంటున్నడనుకొని, కండ్లు మూసుకొని మల్ల మొదటి నుంచి వాయించిన.

కండ్లు తెరిచేసరికి సుధ లేదు. గదిల నుంచి ఏడ్పు ఇనొస్తున్నది.

"ఆపమని చెయ్యెత్తిన భాయ్‌సాబ్" అన్నడు మోహన్ మెల్లగ. "మేము ఇంట్ల చెప్పకుంట వచ్చినం. గుడిల పెండ్లి చేసుకున్నం, మా దిక్కు మనిషి ఒక్కలు లేరు. ఇన్నొద్దులు సుధ ధైర్యంగనే ఉండె. ఇప్పుడు నాయినను చూడాలె, పోదాం అంటున్నది. పోతే వాళ్లు మల్ల నాతోని పంపుతరా?"

నాకు తల కొట్టేసినట్టయింది. తల్లో అక్కో పెడితే గోరింటాకు రెండు చేతులకు పెడ్తరు. ఎవ్వలు లేక తనకు తానే పెట్టుకుంటే ఒక్క చెయ్యే అయితది. పెండ్లిళ్లల్లనే బతికేటోన్ని, నాకు గది సమజ్ కాలే. సిగ్గుతోని ఆ పూట తినేకాడికి గూడ పోలే.

ఇంకా ఉండొచ్చు గని వాళ్ల మొకం చూడలేక తెల్లారి మొదటి బస్సుకే బయలెల్లిన. బస్సుల చూస్తే వాళ్లిద్దరు ముందు సీట్లనే సంచులు పట్టుకొని కూసున్నరు. ఘాటు దిగేదాక తల వంచుకొనే ఉన్న. ఆబూ రోడ్ ప్లాట్‌ఫారం మీద పోయి చేతులు జోడించిన.

"తప్పైందమ్మా. తెల్వక వాయించిన."

సుధ నా మొకం చూడలే, డబ్బానే చూసింది. "ఆ పాట అయినంక మీ దిక్కు పిల్ల ఇంటికి తిరిగొస్తదా?" అని అడిగింది.

"వస్తదమ్మా. పదారొద్దుల పండుగకు మొగన్ని తోల్కొని వస్తది."

"దర్వాజ తీస్తరా?"

గన్ని పెండ్లిళ్లు వాయించిన గని, అప్పగింతలు కాంగనే బాజా డబ్బాల పెట్టుకొని పోయేటోన్నే. ఆ పిల్లలు ఎట్ల తిరిగొచ్చిండ్రో, ఎవలు దర్వాజ తీసిండ్రో ఎన్నడు చూడలే. ఇంతట్ల జైపూర్ బండొచ్చింది. ఇద్దరు ఎక్కిండ్రు. మోహన్ చెయ్యి ఊపిండు, సుధ ఊపలే.

అహ్మదాబాద్‌ల మా పార్టీని కలుసుకొని హైద్రాబాద్ బండెక్కిన. "ఆబూ ఎట్లుందే?" అని రాములన్న అడిగితే "మంచిగుంది అన్నా, చల్లగుంది" అన్న. అబద్ధం గాదు, మీరు గూడ పోండ్రి. ఎదురు సీట్ల ఒక పెద్దమనిషి, బిడ్డ పెండ్లి చేసి వస్తున్నడంట, డబ్బా చూసి "అప్పగింతలది వాయించు భాయ్, ఇందాం" అన్నడు.

"పెదవి బాగలేదు సాబ్" అన్న.

రాములన్న నా పెదవి దిక్కు చూసిండు. అది మానిందని ఆయనకు కనవడుతనే ఉన్నది.