గేరు మార్చే చెయ్యి

ఆ రోజు మా మావ స్నానానికి చొక్కా విప్పనన్నాడు. మావంటే నా పెనిమిటే, సాలూరులో లారీ డ్రైవరు. నేనే లాగి చూస్తే ఎడం మోచేతి మడత ఎర్రగా వాచి కాలిపోతోంది.

"ఘాట్‌లో ముల్లు గుచ్చుకున్నాదే," అన్నాడు.

సెగ్గడ్డేనని మా అత్త వేడి పసుపు ముద్ద కట్టింది. అది ఇంకా పొంగింది. ఊళ్లో డాక్టరుకీ ముల్లనే చెప్పాడు. ఆయన ఆయింట్‌మెంటు రాసిచ్చాడు.

జ్వరంతో మాట తడబడుతుంటే తోటి డ్రైవరు మమ్మల్ని మావ లారీలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. దారిలో కుదుపుకి అమ్మవారి పటం ఊడి నా ఒళ్లో పడింది. దాని వెనక సిరంజి, పెథిడిన్ అనే మత్తుమందు సీసా! నా ఒళ్లు మండిపోయింది. దాచడానికి ఆ తల్లే దొరికిందా?

"నడుం నొప్పికి కాంపౌండరు ఏసినాడు సెల్లెమ్మా," అన్నాడు డ్రైవరు. "తరవాత మేమే ఏసుకుంటన్నాం. అందరికీ అదే సూది. టీ కొట్లో వేన్నీళ్లతో కడుగుతాం కదా!"

మా వైపు సూది వెయ్యనివాడు డాక్టరే కాదు. మాత్రలిస్తే జనం మొహం చిట్లిస్తారు. ఆ పిచ్చే కాంపౌండర్లకి అన్నం పెడుతోంది.

ఆసుపత్రిలో సిరంజి చూపించాను. "ఇలాంటివాళ్లకి మంచం కూడానా?" అంది నర్సు.

"యాబ్సెస్. చీము లోతుకి దిగింది. చెయ్యి తీసెయ్యాల్సి రావచ్చు," అన్నాడు డాక్టరు. "ముందే నిజం చెప్పొద్దూ?"

"సెప్తే ఏటంటారో ఇప్పుడే ఇన్నాను బాబూ! మొదటి సూది ఏసినోడు మీ ఆసుపత్రుల్లో పని నేర్సినోడే. తిట్లు తరవాత, ముందు సెయ్యి సూడండి!" అన్నాను.

ఆయన వెంటనే వాపు కోసి చీము తీసి, పెన్సిలిన్ మొదలుపెట్టాడు.

చెయ్యి కాస్త తెరిపిన పడేసరికి ఆ మత్తుమందు అందక వణుకు, వాంతులు పట్టుకున్నాయి. "ఒక్క సూది తెప్పించే, నీ కాళ్లట్టుకుంటాను," అని ఏడ్చాడు మావ. పరామర్శకొచ్చిన ఆ డ్రైవరు జాలిపడి జేబులోంచి సీసా తీశాడు. లాక్కుని నేలకేసి కొట్టాను.

"సెల్లెమ్మా అంటావు, నన్ను ముండమోపిని సెయ్యడానికొచ్చినావా?"

చెయ్యి మిగిలింది. కానీ మోచెయ్యి పూర్తిగా సాగదు, గేరు రాడ్డు అందదు. ఇప్పుడు మావ షెడ్డులో లోడు ఎక్కించే పని చూస్తున్నాడు. బండి కదిలితే ఆ చెయ్యి దానంతటదే గేరు కోసం లేస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు కోపం కొత్తగా పుడుతుంది.

సూది గుచ్చిన చోట వాచి వేడెక్కితే ముద్దలు కట్టకండి. ఆసుపత్రికి పరిగెత్తండి, ముల్లని చెప్పకండి. సూదే అనండి. తిడితే తిట్టనివ్వండి. తిట్లు తిన్నవాడికి చెయ్యి మిగులుతుంది.