తొలిచూలు మొక్కు

సిద్దిపేటలో ఇంటింటికీ పాలు పోసే లచ్చవ్వకు పెళ్లయి ఎన్నేళ్లయినా కడుపు పండలేదు. భర్త మైసయ్యతో చర్చికి పోవడం మొదలుపెట్టిన కొత్తలో ప్రసంగంలో ఒక మాట విన్నది. తొలిచూలు బిడ్డ దేవుడి సొత్తు అని. అక్కడే మోకాళ్ల మీద పడి, "నాకొక్క కొడుకునియ్యి ప్రభువా, వాన్ని నీ పనికే ఇస్త" అని మొక్కుకుంది. మరుసటేడు యోహాను పుట్టాడు.

వాడికి నడక రాకముందే అందరూ "పాస్టరు" అని పిలవసాగారు. లచ్చవ్వ వాడికి ఏ లోటూ చేయలేదు. కానీ ముద్దు చేయబోయి ఆగిపోయేది. "వీడు నా దగ్గర అమానతు. రేపు అప్పజెప్పాల్సినోడు" అనేది. తర్వాత పుట్టిన కూతురు కృతికను మాత్రం ఒళ్లోంచి దించేది కాదు.

యోహానుకు నలుగురిలో నోరు పెగలదు. ఇంటరు కాగానే హైదరాబాదులో బైబిలు చదువుకు పంపారు. ప్రసంగం చెప్పమని నిలబెట్టిన ప్రతిసారీ రెండు మాటలైనా చెప్పలేక దిగిపోయేవాడు. క్రిస్మస్ రాకముందే సంచి సర్దుకుని వచ్చేశాడు.

"అవ్వా, నాతోని అయితలేదు."

లచ్చవ్వ తిట్టలేదు. మాట్లాడటమే మానేసింది. యోహాను వరికోత మిషను నడపడం నేర్చుకుని పనిలో పడ్డాడు. వాడు బండెక్కిన రోజల్లా ఆమెకు లోపల ఒకటే దడ, దేవుడికిచ్చిన మాట తప్పానని.

ఆ వేసవిలో యాసంగి వరికోతల్లో, మద్దూరు దగ్గరి పొలంలో యోహాను మిషను మీద నుంచి జారిపడ్డాడు. కాలు విరిగింది. ఆసుపత్రి మంచం పక్కన లచ్చవ్వ నెత్తి కొట్టుకుంది.

"తప్పు నాది. మొక్కు తీర్వకపోతిని. ఇయ్యాల దేవుడు కాలు ఇరగ్గొట్టిండు, రేపు పాణమే అడుగుతడు."

చూడటానికి వచ్చిన పాస్టరు భార్య సుచిత్ర ఆ మాటకు నివ్వెరపోయింది.

"గట్లెవరు చెప్పిన్రు పెద్దమ్మా?"

"తొలిచూలు ఆయనదేనని మన చర్చిలనే చెప్పిన్రు గద అమ్మగారూ."

"సగమే చెప్పినట్టున్నరు." సుచిత్ర స్టూలు దగ్గరికి జరుపుకుంది. "ఐగుప్తు దేశంల తొలిచూలు పిల్లలు సచ్చిననాడు ఇశ్రాయేలోళ్ల పిల్లలను దేవుడు కాపాడిండు. గందుకే వాళ్లు నావాళ్లు అన్నడు. కానీ తల్లుల కాడికెల్లి గుంజుకోలే. పైసలు కట్టి విడిపించుకొని తోల్కపోన్రి అన్నడు. గుడి పనికి వాళ్లకు బదులు లేవీయులనే వంశపోళ్లను తీస్కున్నడు. మరియమ్మ గూడ యేసును గుడిల దేవుని ముంగట పెట్టి, మళ్ల సంకనేసుకొని ఇంటికే తెచ్చుకున్నది."

"మరి మొక్కుకొని కన్న సమూయేలును హన్నా గుడికి ఇచ్చింది గద?"

"ఇచ్చింది. దేవుడు పిలిస్తే సమూయేలు పలికిండు. నీ కొడుకును పిలిచింది దేవుడా, నువ్వా?"

గోడవైపు తిరిగి పడుకున్న యోహాను మెల్లగా అన్నాడు.

"ఒక్కసారి నన్నడిగితే అయిపోయేది గదనే అవ్వా. కృతికను ఎత్తుకున్నట్టు నన్నెప్పుడు ఎత్తుకున్నవ్?"

గడ్డాలు మీసాలు వచ్చిన కొడుకు తలను లచ్చవ్వ ఒళ్లోకి తీసుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. సుచిత్ర మెల్లగా బయటికి నడిచింది.

కట్టు విప్పిన తర్వాతి ఆదివారం, లచ్చవ్వ కొడుకు చేయి పట్టుకుని చర్చిలో అందరి ముందూ నిలబడి, "ప్రభువా, నీకిచ్చిన. ఇయ్యాల మళ్ల తీస్కపోతున్న. వీని బతుకు వీన్నే బతుకనియ్యి" అంది. మొక్కు తిప్పుకోవడం మంచిది కాదని సంఘపెద్ద వెంకటనర్సయ్య గొణిగాడు. పాస్టరు మాత్రం ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేశాడు.

యోహాను కొద్దిగా కుంటుతూనే మళ్లీ మిషనెక్కాడు. లచ్చవ్వ భయం పూర్తిగా పోలేదు. వాడు పొలానికి బయల్దేరితే ఇప్పటికీ పాలు పోస్తూ పోస్తూ ఆగిపోతుంది. అలాంటప్పుడు ఫోను చేసి, "తిన్నవా బిడ్డా?" అని అడుగుతుంది.