రాయలేదు కాదు, అందలేదు

పోస్టు సారు పోయారని కోదాడ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. మస్కట్‌లో నర్సుగా ఉన్న మా చెల్లెలికి ఆ సంగతి చెబితే, "ఆ సారేనా అక్కా, నా ఉత్తరాలు ఆపింది?" అంది. కోపంతో కాదు, గుర్తు చేసుకుంటూ అంది. ఎనిమిదేళ్లుగా నేను సరిదిద్దని మాట అది. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు నేనేమీ రాయలేదు. ఆ ఒక్క మాట కోసం ఇప్పుడు రాస్తున్నాను.

సూర్యాపేటలో మా పక్క వాటా సారుది. పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యాక కంప్యూటర్ కొనుక్కుని అందులో మెయిల్ ప్రోగ్రాం పెట్టించుకున్నారు. మాకు కంప్యూటర్ లేదు కనుక చెల్లెలి ఉత్తరాలు ఆయన అడ్రసుకే వచ్చేవి. వచ్చిన రోజు గోడ మీద రెండు దెబ్బలు కొట్టి "పోస్ట్!" అని కేకేసేవారు. నేను వెళ్లగానే కుర్చీ నాకు వదిలి, వరండాలోకి పోయి అటు తిరిగి నిలబడేవారు. "ఈడనే ఉండుండ్రి సారూ" అంటే, "అందిచ్చుడు వరకే నా పని బిడ్డా. సదివేది నువ్వు" అనేవారు. ఇప్పటికీ ఆ వాటాలో ఎవరైనా మేకు కొడితే నేను లేచి నిలబడతాను.

ఉత్తరం పైన శ్రీరామ అని పెట్టకుండా మొదలుపెట్టకూడదని అమ్మ మాకు నేర్పింది. ఇన్‌లాండ్ లెటర్‌లో ఒక్కసారికే చోటుండేది. కంప్యూటర్‌లో చోటుకేం కరువని, చెల్లెలు సబ్జెక్టు రాసే చోట ఇంగ్లీషు పెద్దక్షరాలతో పదకొండుసార్లు శ్రీరామ కొట్టేది.

చెల్లెలు తనకు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకుందని అమ్మ రెండేళ్లు దాని పేరెత్తలేదు. ఫోన్లు ఆగిపోయాయి. అది మస్కట్‌లో ఇల్లు మారాక దాని కొత్త నంబరు కూడా మా దగ్గర లేదు. అమ్మకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక, ఒక పొద్దున నేను దీపం పెడుతుంటే, "దాన్ని ఒక్కసారి రమ్మని రాయి" అంది. ఆ రోజే రాశాను. అమ్మ రోజూ "రాసిందా?" అని అడిగేది. మూడు వారాలు జవాబు లేదు.

ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే మళ్లీ అడిగింది. నేను గొంతు పెంచలేదు, మెల్లగానే అన్నాను: "అది రాయదమ్మా. ఇగ ఆశ పెట్టుకోకు." చెంచా దగ్గర అమ్మ నోరు మూసుకుంది. తర్వాత అడగలేదు.

సాయంత్రం సారుతో "మా చెల్లె రాయలేదు సారూ" అన్నాను.

"రాయలేదనకు బిడ్డా. అందలేదు అను."

"గంత నమ్మకమేంది సారూ?"

"ఇన్నేండ్లు ఉత్తరాల నడుమ కూసున్న. రాసేటోళ్లు రాస్తనే ఉంటరు. నడుమ యాడనో ఆగుతది."

అంతకు నెల ముందు, లాటరీ తగిలిందనే దొంగ మెయిళ్లు ఎక్కువయ్యాయని మిర్యాలగూడ మెకానిక్ ఒకాయన చెత్త మెయిళ్లను ఆపే సాఫ్ట్‌వేర్ పెట్టి వెళ్లాడు. అప్పటి నుంచి మెయిల్ ప్రోగ్రాం తెరవగానే కాసేపు బిగుసుకుపోయేది. నెట్ వచ్చే ఫోను లైను సరిగా లేదని సారు అనుకున్నారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పోయి ఆ మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చారు.

అతను చూసి నవ్వాడు. "వచ్చే మెయిళ్లు ముందుగాల ఇదే తీసుకుంటది సార్. మంచియే లోపలికి ఇడుస్తది. తక్కినయి దీని డబ్బాలనే ఉంటయి. అన్నీ పెద్దక్షరాలు, ఒక్కటే మాట పదకొండుసార్లు! లాటరీలోళ్లు గిట్లనే రాస్తరు."

"రాముడు లాటరీలు అమ్ముతున్నడా వయ్యా?"

"దానికేం ఎరుక సార్? చెత్త అనుకున్నది."

"పేరు రాసి వచ్చింది చెత్త ఎట్లయితది? తెరువు ముందు."

నాలుగు ఉత్తరాలున్నాయి. సారు మెకానిక్‌ను రెక్క పట్టుకుని వరండాలోకి తీసుకుపోయారు. మొదటిదాంట్లో, "అమ్మనే రమ్మన్నదా అక్కా, నువ్వే రాస్తున్నవా? ఒక్క మాట చెప్పు, బయల్దేరుత" అని ఉంది. నాలుగోదాంట్లో, "అర్థమయింది. ఇగ అడగను."

జవాబు రాసి అమ్మ దగ్గరికి పరుగెత్తాను. చెల్లెలు రాసిందని చెబితే విన్నది. "నా కోసం అబద్ధం చెప్పకు బిడ్డా" అంది. రెండు రోజులకు మళ్లీ పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అమ్మ నాతో అన్న ఆఖరి మాట అదే.

చెల్లెలు వచ్చింది. బస్టాండు నుంచి దాని సంచి సారే మోసుకొచ్చారు. అమ్మ ఎడమ చేత్తో దాని ముఖమంతా తడిమింది. వారం తిరగకుండానే అమ్మ పోయింది. అన్నీ అయ్యాక చెల్లెలు నన్ను అడిగింది: "నా జవాబు రాకపోతే అమ్మ ఏమనుకున్నదక్కా?" సారు అక్కడే ఉన్నారు. నేను అమ్మతో అన్నది సారుకు ఏడుస్తూ చెప్పుకున్నాను కాబట్టి ఆయనకు తెలుసు. "నా కంప్యూటర్ల ఆగినయి బిడ్డా. తప్పంత నాది. మీ అక్కను ఏం అడగకు" అన్నారు. అది అలాగే నమ్మింది. నమ్మనిచ్చాను.

కోదాడలో కూతురి దగ్గరికి మారాక కూడా ఆయన రోజూ పొద్దున ఆ చెత్త డబ్బా తెరిచేవారట. "లాటరీ మెయిళ్లు కూడా ఒక్కోటీ చూసేవారక్కా, మేం నవ్వుకునేవాళ్లం" అంది కూతురు ఫోన్‌లో. ఆయన ఎందుకలా చూసేవారో నేను చెప్పలేకపోయాను. ఇన్నేళ్లూ దీపం ముందు రాముడికి చెప్పుకున్నాను. చెప్పవలసిన చోట చెప్పలేదు.

అందుకే తల్లీ, ఈ కాగితాలు కోదాడకు, నీకే పంపుతున్నాను. మీ నాన్నగారి వస్తువుల్లో దాచిపెట్టు, ఎవరికీ చూపించకు. మా చెల్లెలికి కూడా వద్దు. అది వచ్చే నెల వస్తోంది. అమ్మ మంచం ఉన్న చోట చాప పరిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, నా నోటితో నేనే చెబుతాను.